'క్రీడలు, ప్రపంచీకరణ' కోర్సు కోసం అమ్మాయిని లండన్, బార్సిలోనా పంపించవచ్చా?

ఖమ్మం నాన్న రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి టెక్సాస్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ ప్రధానాంశంగా డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. వచ్చే జూన్‌లో అక్కడి ప్రొఫెసర్ ఒకరు కొంతమంది విద్యార్థులను వెంటబెట్టుకుని లండన్‌కు, అక్కడి నుంచి బార్సిలోనాకు తీసుకువెళ్లి 'క్రీడలు, ప్రపంచీకరణ' అనే కోర్సు చెబుతారట. దానికి వచ్చే ఆరు క్రెడిట్లూ డిగ్రీలో కలుస్తాయని కాలేజీవారు రాతపూర్వకంగానే చెప్పారు. అమ్మాయికి వెళ్లాలని చాలా ఉంది.

మా ఇంట్లో మాత్రం ఏకాభిప్రాయం లేదు. ఫీజు, విమాన ఛార్జీలు, బస అన్నీ కలుపుకుంటే అది చిన్న మొత్తమేమీ కాదు. బ్రోచర్ తిరగేస్తే స్టేడియం సందర్శనలు, మ్యూజియాలు, నగర యాత్రలే ఎక్కువగా కనిపించాయి. "ఆటలు చూడడానికి అంత డబ్బు పోసి పంపించాలా?" అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇది నిజంగా చదువేనా, భారతీయ పాస్‌పోర్టుతో ఎఫ్-1 వీసా మీద ఉన్న పిల్లకు ఈ ప్రయాణంలో చిక్కులేమైనా ఉంటాయా, వెళ్తే గనుక దేని మీద దృష్టి పెడితే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది అన్న విషయాలు తెలిసినవారు వివరించగలరు.

ప్లేనో వాసి రాశారు:

ఖమ్మం నాన్న గారూ, నేను డాలస్ పక్కనే ఉంటాను కనుక నిర్మొహమాటంగా చెబుతాను. క్రీడల ప్రపంచీకరణను అధ్యయనం చేయడానికి మీ అమ్మాయి టెక్సాస్ దాటనక్కరలేదు. ఒకప్పుడు బేస్‌బాల్ ఆడిన గ్రాండ్ ప్రెయిరీ మైదానాన్ని క్రికెట్ స్టేడియంగా మార్చారు. 2023లో మేజర్ లీగ్ క్రికెట్ అక్కడే మొదలైంది. అందులో టెక్సాస్ జట్టు వెనుక చెన్నై సూపర్ కింగ్స్ ఉంది, సియాటిల్ జట్టు పెట్టుబడిదారుల్లో మన సత్య నాదెళ్ల గారున్నారు. 2024 జూన్ 6న టీ20 ప్రపంచ కప్‌లో అమెరికా జట్టు పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్‌లో ఓడించింది కూడా ఆ మైదానంలోనే. ఆ ఓవర్ వేసిన సౌరభ్ నేత్రవల్కర్ ముంబైలో పుట్టి, అండర్-19లో భారత్ తరఫున ఆడి, చదువు కోసం అమెరికా వచ్చి, అప్పటికి ఒరాకిల్‌లో ఇంజినీరుగా పనిచేస్తున్న వ్యక్తి. వలస, పెట్టుబడి, వీసా, ప్రసార హక్కులు అన్నీ ఆ ఒక్క మ్యాచ్‌లోనే ఉన్నాయి కదా.

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, దగ్గర ఉన్నదాన్ని వదిలి యూరప్‌కు వెళ్తేనే ప్రపంచీకరణ అర్థమవుతుందని విశ్వవిద్యాలయాలు నమ్మించడం నాకు వ్యాపారంగానే తోస్తుంది. వెళ్లి చూసి వస్తే ఆనందమే, కాదనను. కానీ దానిని విహారయాత్ర ఖర్చు కింద రాసుకోండి, చదువు ఖర్చు కింద రాసుకోకండి.

కృష్ణా ఒడ్డు రాశారు:

నేను అమెరికాలో ఒక కాలేజీలో సోషియాలజీ బోధిస్తాను, ఇటువంటి కార్యక్రమాల ప్రతిపాదనలను పరిశీలించే కమిటీలో కూడా కూర్చున్నాను కనుక లోపలి సంగతి కొంత చెప్పగలను. ప్లేనో వాసి గారి అనుమానం నిరాధారమైనది కాదు. ప్రొఫెసర్ వెంట వెళ్లే స్వల్పకాలిక కార్యక్రమాల్లో కొన్ని నిజంగానే పర్యాటకానికి సిలబస్ తొడిగినవి. అయితే తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. బ్రోచర్‌ను పక్కనపెట్టి సిలబస్ అడిగి తెప్పించుకోండి. బయలుదేరే ముందు చదవాల్సినవి ఉన్నాయా, మార్కులు దేనికి ఇస్తారు, విద్యార్థి తానుగా వెళ్లి ఎవరితోనైనా మాట్లాడి రాయాల్సిన క్షేత్ర నివేదిక ఉందా అన్నది చూడండి. 'హాజరు, చర్చల్లో పాల్గొనడం' అన్నవాటికే సగం మార్కులు పోతుంటే మీ ఆవిడ గారి ప్రశ్నే సరైనదనుకోండి.

ఇక చోటు మారితే చదువుకు ఏమి కలిసివస్తుందన్నది అసలు విషయం. దానికి లండన్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. వింబుల్డన్ అనగానే మనకు టెన్నిస్ గుర్తొస్తుంది, కానీ ఆ ప్రాంతానికి సొంత ఫుట్‌బాల్ క్లబ్ ఉండేది; అది 1988లో ఎఫ్ఏ కప్ అనే ఇంగ్లండ్ జాతీయ పోటీని కూడా గెలిచింది. ఆ క్లబ్‌ను సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్ అనే కొత్త పట్టణానికి తరలించడానికి 2002లో అనుమతి దొరికింది. జట్టు ఒక ఊరి నుంచి మరో ఊరికి మకాం మార్చడం అమెరికా విద్యార్థికి వింతేమీ కాదు, అక్కడ జట్టంటే ఫ్రాంచైజీ, ఫ్రాంచైజీ అంటే యజమాని ఆస్తి. ఇంగ్లండ్‌లో మాత్రం అది జరగరాని పని. అభిమానులు ఆ ఏడాదే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని తమ సొంత క్లబ్ పెట్టుకుని, తొమ్మిదో అంచె లీగ్‌లో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా గెలుచుకుంటూ 2011లో నాలుగో అంచెకు, అంటే ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. 2020లో ప్లౌ లేన్‌లోని తమ పాత మైదానానికి దాదాపు ఆనుకుని ఉన్న స్థలంలో కొత్త స్టేడియంలోకి అడుగుపెట్టారు. ఆ క్లబ్ ఇప్పటికీ అభిమానుల ట్రస్టు చేతిలోనే ఉంది.

ఈ కథను టెక్సాస్ తరగతి గదిలో చెబితే పిల్లలు "ఇంకో జట్టును అభిమానిస్తే సరిపోదా?" అని అడుగుతారు. ప్లౌ లేన్ చుట్టుపక్కల ఒక సాయంత్రం గడిపి, టికెట్ల దగ్గర స్వచ్ఛందంగా నిలబడే పెద్దవారితో మాట్లాడి వచ్చాక ఆ ప్రశ్న అడగరు. ప్రపంచీకరణ అంటే అన్నీ ఒకే అచ్చులోకి వచ్చేస్తాయన్న భావన ఉంటుంది కదా, అది ఎక్కడ ఆగుతుందో, ఎవరు ఆపుతారో అక్కడ తెలుస్తుంది. మన దగ్గర ఈ విషయంలో అమెరికా నమూనానే నడుస్తోంది. 2019లో పూణె జట్టు మూతపడితే ఆ ఖాళీలోనే హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. పూణెలో ఎంతమంది బాధపడ్డారో ఇక్కడ మనమెవ్వరం అడగలేదు.

సాగరతీరం రాశారు:

నేను విశాఖ నుంచి వచ్చి అమెరికాలో డిగ్రీ చదివేటప్పుడు దాదాపు ఇటువంటి కోర్సుకే యూరప్ వెళ్లివచ్చాను, కనుక అంకుల్ గారి రెండో ప్రశ్నతో మొదలుపెడతాను.

చిక్కులు తప్పకుండా ఉంటాయి. ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల షెంగెన్ ప్రాంతంలో బ్రిటన్ లేదు కాబట్టి లండన్‌కు ఒక వీసా, స్పెయిన్‌కు వేరే షెంగెన్ వీసా కావాలి. షెంగెన్ దరఖాస్తుకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే కాలేజీ అధికారి) ప్రయాణ సంతకం ఉండాలి, పాస్‌పోర్టులోని ఎఫ్-1 స్టాంపింగ్ తిరిగి అమెరికాలో దిగే తేదీకి చెల్లుబాటులో ఉండాలి. ఆ స్టాంపింగ్ గడువు మధ్యలో తీరిపోయేటట్టుంటే అసలు బయలుదేరకపోవడమే మేలు.

మా బృందంలో అమెరికన్ పాస్‌పోర్టు ఉన్నవారు టికెట్ కొనుక్కుని నిశ్చింతగా కూర్చుంటే, నేను బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకుని వేలిముద్రలివ్వడానికి మరో నగరానికి వెళ్లాల్సి వచ్చింది. అప్పుడు ఒళ్లు మండింది గానీ, కోర్సు మొదలయ్యాక ఆ అనుభవమే నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది. మొదటి వారంలో బోస్మన్ తీర్పు చెప్పారు. జాన్-మార్క్ బోస్మన్ బెల్జియంలోని లీజ్ క్లబ్ ఆటగాడు. 1990లో అతని కాంట్రాక్టు ముగిసింది, ఫ్రాన్స్‌లోని డన్‌కిర్క్ క్లబ్‌కు వెళ్లాలనుకున్నాడు. కాంట్రాక్టు ముగిసినా సరే బదిలీ రుసుము చెల్లిస్తే తప్ప వదలబోమని పాత క్లబ్ పట్టుబట్టింది. 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానం అది చెల్లదని, ఐరోపా సమాఖ్య పౌరులైన ఆటగాళ్ల సంఖ్య మీద పరిమితులు కూడా చెల్లవని తీర్పిచ్చింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 1999 డిసెంబరు 26న, ఇంగ్లండ్‌లోని చెల్సీ క్లబ్ ఒక్క బ్రిటిష్ ఆటగాడు కూడా లేని పదకొండు మందితో మైదానంలోకి దిగింది. తరగతిలో అందరూ దీనిని సరిహద్దులు చెరిగిపోయిన కథగా చర్చిస్తున్నారు. ఆ స్వేచ్ఛ ఐరోపా సమాఖ్య పాస్‌పోర్టు ఉన్నవారికే దక్కిందని, ఆఫ్రికా నుంచో ఆసియా నుంచో వచ్చే ఆటగాడు నాలాగే కాగితాలు పట్టుకుని వరుసలో నిలబడుతున్నాడని నేను చెబితే, ప్రొఫెసర్ ఆ రోజు పాఠాన్ని అటువైపే నడిపించారు. నా చివరి వ్యాసం కూడా దాని మీదే రాశాను.

బార్సిలోనా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1992 ఒలింపిక్స్‌కు ముందు ఆ నగరం సముద్రానికి వీపు పెట్టి ఉండేదని అక్కడివారే అంటారు. తీరం వెంట రైలు పట్టాలు, పోబ్లెనౌ వైపు పాత ఫ్యాక్టరీలు, గోదాములు ఉండేవి. ఒలింపిక్స్ పేరుతో వాటిని తొలగించి క్రీడాకారుల గ్రామం, రేవు, ఇసుక తీరాలు నిర్మించారు. ఒక క్రీడోత్సవం నగరాన్ని బాగుచేసిందని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ప్రపంచమంతా ఈ ఉదాహరణే చూపిస్తుంది. ఆ తీరం వల్లే పర్యాటకులు వెల్లువెత్తారు, అద్దెలు పెరిగాయి, చివరకు 2024 జులైలో స్థానికులు ఊరేగింపు తీసి, హోటళ్ల ముందు భోజనం చేస్తున్న విదేశీయుల మీద బొమ్మ తుపాకులతో నీళ్లు చల్లారు. తీరం పక్కనున్న బార్సెలొనేటా వీధుల్లో నడుస్తుంటే బాల్కనీల్లో ఆరేసిన బట్టల మధ్య పర్యాటక అద్దె ఇళ్లకు వ్యతిరేకంగా గుడ్డ బ్యానర్లు వేలాడుతుంటాయి. వాటి కింద నుంచి సూట్‌కేసు చక్రాలు దొర్లించుకుంటూ బసకు వెళ్లే మేము కూడా ఆ సమస్యలో భాగమేనని మాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది.

అంకుల్ గారూ, బ్రోచర్‌లో చెప్పని విషయం ఇంకొకటి ఉంది. ఇంగ్లండ్‌లోని ప్రీమియర్ లీగ్, స్పెయిన్‌లోని లా లిగా ఫుట్‌బాల్ పోటీలు రెండూ మే నెలాఖరుకు ముగిసిపోయి మళ్లీ ఆగస్టులోనే మొదలవుతాయి. జూన్‌లో వెళ్తే ఖాళీ కుర్చీలున్న స్టేడియాలు చూస్తారు గానీ మ్యాచ్ చూడరు.

బైరాగి రాశారు:

అంతా బాగానే ఉంది. ఈ కోర్సు చదివితే ఏ ఉద్యోగం వస్తుందో ఎవరైనా సెలవిస్తారా?

కృష్ణా ఒడ్డు రాశారు:

బైరాగి గారూ, ఆరు క్రెడిట్ల కోర్సు ఒక్కటీ చదివితే ఏ ఉద్యోగమూ రాదు. వస్తుందని చెప్పేవారిని నమ్మవద్దు. కానీ ఎకనామిక్స్ విద్యార్థినికి ఇందులో అక్కరకొచ్చే సరుకు చాలా ఉంది. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 వరకు ఫుట్‌బాల్ మ్యాచ్‌లను టీవీలో ప్రత్యక్షంగా చూపించకూడదన్న నిబంధన 1960ల నుంచి ఉంది. టీవీలో పెద్ద మ్యాచ్ వస్తుంటే చిన్న ఊళ్ల మైదానాలకు జనం రారన్నది దాని వెనుకనున్న భయం. ఆ కారణంగా మాంచెస్టర్‌లో మూడు గంటలకు జరిగే మ్యాచ్‌ను స్టేడియం పక్క వీధిలో కాపురముండే మనిషి ఇంట్లో కూర్చుని చూడలేడు, హైదరాబాద్‌లో కూర్చున్న మీరు మాత్రం రాత్రి నిక్షేపంగా చూస్తారు. అదే శనివారం అక్కడ 12:30కు పెట్టే మ్యాచ్ మనకు సాయంత్రం ఐదు, ఆరు గంటల మధ్య మొదలవుతుంది, ఆసియా ప్రేక్షకుడికి అంతకంటే అనువైన వేళ లేదు. ఎవరి సౌకర్యానికి ఎంత ధర పలుకుతోంది, ఆ డబ్బు క్లబ్బుల మధ్య ఎలా పంచుకుంటున్నారు అన్నది శుద్ధమైన ఎకనామిక్స్ సమస్యే. అమ్మాయి దీని మీద ఒక మంచి వ్యాసం రాయగలిగితే ఉన్నత చదువులకు దరఖాస్తు చేసేటప్పుడు చూపించుకోవడానికి పనికివస్తుంది.

పాత మాస్టారు రాశారు:

జూన్‌లో మ్యాచ్‌లు ఉండవన్న సాగరతీరం మాట ఫుట్‌బాల్ వరకే వర్తిస్తుంది. ఇంగ్లండ్‌లో జూన్ అంటే క్రికెట్ కాలం, నెలాఖరుకు వింబుల్డన్ టెన్నిస్ కూడా వచ్చేస్తుంది. లండన్‌లో ఉన్నన్నాళ్లలో అమ్మాయి ఒక రోజు లార్డ్స్ క్రికెట్ మైదానానికి తప్పకుండా వెళ్లాలి. అయితే అక్కడి మ్యూజియంలో కప్పులు చూసి రావడానికి కాదు.

1909లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా కలిసి ఇంపీరియల్ క్రికెట్ కాన్ఫరెన్స్ (ఇప్పటి ఐసీసీ) అనే సంస్థను అక్కడే ఏర్పాటు చేసుకున్నాయి. పేరులోనే సామ్రాజ్యం ఉంది. 1965 దాకా ఆ పేరు మారలేదు, ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల వీటో అధికారం 1993 దాకా పోలేదు. 2005లో ఆ సంస్థ లార్డ్స్ విడిచి దుబాయ్‌కు తరలింది. ప్లేనో వాసి గారు సియాటిల్ జట్టులో చూసిన సత్య నాదెళ్ల గారి పేరు ఇప్పుడు లార్డ్స్‌లో కూడా వినిపిస్తుంది. 2025లో, ది హండ్రెడ్ అనే ఇంగ్లండ్ క్రికెట్ లీగ్‌లో ఆ మైదానం కేంద్రంగా ఆడే లండన్ స్పిరిట్ జట్టులో 49 శాతం వాటా పాడుకున్న బృందంలో ఆయన కూడా ఉన్నారు. మన సన్‌రైజర్స్ యజమానులు అదే లీగ్‌లోని లీడ్స్ జట్టును మొత్తంగా కొనేశారు. ఒకప్పుడు ఆట లండన్ నుంచి రైల్వేలతో, రెజిమెంట్లతో మన దగ్గరకు వచ్చింది, ఇప్పుడు డబ్బు మన వైపు నుంచి అక్కడికి వెళుతోంది. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయిన తరువాత ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు. అసలు హైదరాబాద్‌కు మొదటి ఐపీఎల్ కప్పు వచ్చిందే జొహన్నెస్‌బర్గ్‌లో. 2009లో ఎన్నికల వల్ల ఆ లీగ్‌ను అమాంతం దక్షిణాఫ్రికాకు తరలిస్తే, డెక్కన్ ఛార్జర్స్ అక్కడ గెలిచింది. సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా సొంత ఊరి జట్టు విజేత కావడం గురించి అప్పట్లో నేను తప్ప ఎవరూ గింజుకోలేదనుకుంటాను.

అమ్మాయి వెళ్లే ముందు మన సొంత చరిత్ర కొంత తెలుసుకుని వెళ్తే మరీ మంచిది. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం వంటివారు మెరుగైన ఆట కోసం కలకత్తా క్లబ్బులకు తరలిపోయారు. పేద ప్రాంతం ఆటగాడిని తయారుచేస్తే సంపన్న కేంద్రం తీసుకుపోవడమనే పాఠాన్ని బార్సిలోనాలో ఆఫ్రికా పిల్లల గురించి చెబుతారు; చాదర్‌ఘాట్‌లో, సికింద్రాబాద్‌లో అది మనం చాలా ముందే చూశాం.

జగిత్యాల - దోహా రాశారు:

పెద్దలందరూ రాసినది శ్రద్ధగా చదివాను. ఆటగాళ్ల రాకపోకల గురించి, డబ్బు రాకపోకల గురించి చాలా వచ్చింది, స్టేడియం కట్టిన చేతుల గురించి ఇంకా రాలేదు కనుక నేను రాస్తున్నాను.

2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు ముందు కొన్నేళ్లు నేను దోహాలో ఒక నిర్మాణ సంస్థలో స్టోర్ కీపర్‌గా పనిచేశాను. మాది స్టేడియం పని కాదు, స్టేడియానికి వెళ్లే రోడ్ల పని. తెల్లవారుజామున మూడున్నరకే క్యాంపు నుంచి బస్సులు కదిలేవి. హెల్మెట్లు, బూట్లు, చేతి తొడుగులు నా చేతి మీదుగా వెళ్లేవి. వేసవిలో ఒక్కొక్కరి బూట్లు ఎంత త్వరగా పాడవుతాయో నా రిజిస్టరు చూస్తే తెలిసిపోయేది, అడుగున రబ్బరు మెత్తబడి విడిపోయేది. ఎండ వేళ పని ఆపాలన్న నిబంధన అప్పట్లో జూన్ మధ్య నుంచి ఆగస్టు చివరి వరకు, అదీ ఉదయం 11:30 నుంచి మధ్యాహ్నం 3 దాకా మాత్రమే ఉండేది. 2021లో దానిని జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు, ఉదయం 10 నుంచి 3:30 దాకా పొడిగించారు. ఆ ఎండలో ఆడడం ఆటగాళ్లకు ప్రమాదమని మొత్తం ప్రపంచ కప్‌నే నవంబరు, డిసెంబరు నెలలకు జరిపారు. ఆ రెండు నిర్ణయాలనూ పక్కపక్కన పెట్టి చూడమని మీ అమ్మాయికి చెప్పండి.

మా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లినవారిలో చాలామంది ఏజెంటుకు కట్టడానికి మిత్తికి అప్పు తెచ్చినవారే. కంపెనీ వీసా మీద వచ్చినవాడు కపీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఒప్పుకోకపోతే అప్పట్లో మరో చోట పనిలో చేరడానికి ఉండేది కాదు, దేశం విడిచి రావడానికీ ఎగ్జిట్ పర్మిట్ అనే కంపెనీ అనుమతి కావాల్సివచ్చేది. సాగరతీరం రాసిన బోస్మన్ గారి కథ చదివితే నాకు మా క్యాంపే గుర్తొచ్చింది. కాంట్రాక్టు ముగిసినా కదలనివ్వకపోవడమన్నది ఆయనకు 1995లో తొలగింది. ఖతార్‌లో ఎగ్జిట్ పర్మిట్‌ను చాలామందికి 2018లో తీసేశారు, ఉద్యోగం మారడానికి పాత యజమాని అనుమతి అక్కరలేదన్న చట్టం 2020లో వచ్చింది, వెయ్యి రియాళ్ల కనీస వేతనం 2021 మార్చి నుంచి అమలైంది. ప్రపంచమంతా ఆ దేశం వైపు చూడడం వల్లే ఇవి వచ్చాయని నేను నమ్ముతాను. కాగితం మీద వచ్చినవన్నీ క్యాంపు దాకా వచ్చాయని మాత్రం అనలేను.

కప్పు జరిగేనాటికి నేను ఊరికి వచ్చేశాను. ఇండస్ట్రియల్ ఏరియా దగ్గరున్న ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంలో పెద్ద తెర పెట్టి పనివాళ్లకు మ్యాచ్‌లు చూపించారు, మావాళ్లు అక్కడి నుంచి వీడియోలు పంపేవారు. వాళ్లు వేసిన రోడ్డు మీదుగా వెళ్తే అసలు స్టేడియం దూరమేమీ కాదు.

ప్లేనో వాసి రాశారు:

జగిత్యాల అన్నా, మీరు రాసినది ఏ సిలబస్‌లోనూ దొరకదు. నా అభిప్రాయానికి ఇది ఇంకా బలం చేకూరుస్తోందని కూడా అనిపిస్తోంది. ప్రపంచ కప్ గురించి చదవాలంటే జగిత్యాల బస్టాండులో గల్ఫ్ ఏజెంట్ల బోర్డుల కింద నిలబడి చదవవచ్చు. సెలవులకు ఎటూ ఇంటికి వచ్చే అమ్మాయికి ఖమ్మం నుంచి అది ఎంత దూరం?

కృష్ణా ఒడ్డు రాశారు:

ప్లేనో వాసి గారూ, అక్కడ నిలబడినంత మాత్రాన ఏమి అడగాలో తెలియదు కదా. ఆ బోర్డులను రోజూ చూసేవారిలో ఎంతమందికి ఫీఫా గుర్తొస్తుంది? కోర్సు ఉపయోగం అక్కడే ఉంది. బోస్మన్‌నూ కపీల్‌నూ ఒకే వ్యాసంలో పెట్టాలన్న ఆలోచన ఈ చర్చలో మనకు రావడానికి, ఒకరు యూరప్‌లో తరగతిలో కూర్చుని ఉండడం, మరొకరు దోహాలో స్టోర్ నడిపి ఉండడం రెండూ అవసరమయ్యాయి. నేనైతే అమ్మాయిని వెళ్లమనే అంటాను. ముందుగా ఆ ప్రొఫెసర్‌కు ఈమెయిల్ రాసి, తుది వ్యాసానికి అంశాన్ని తానే ఎంచుకోవచ్చా అని అడగమనండి. స్టేడియం కూలీల గురించో, ఫుట్‌బాల్ తయారీ గురించో రాస్తానంటే ఆయన ఉత్సాహంగా స్పందిస్తున్నారా, లేక ప్యాకేజీలో ఉన్న అంశాలకే కట్టుబడమంటున్నారా అన్నది చూస్తే కోర్సు ఎలాంటిదో తేలిపోతుంది. బంతుల సంగతి కూడా చిన్నదేమీ కాదు. 2014 ప్రపంచ కప్ బంతులు పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో కూడా తయారయ్యాయి. ఆ ఊరి నుంచి 1947లో తరలివచ్చిన కుటుంబాలే మన జలంధర్‌లో క్రీడా పరికరాల పరిశ్రమను నిలబెట్టాయి. బంతులు కుట్టే పనిలో బాలలున్నారన్న గొడవ పెద్దదై 1997లో ఒక అంతర్జాతీయ ఒప్పందం దాకా వెళ్లింది.

ఖమ్మం నాన్న రాశారు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ చర్చనంతా మా అమ్మాయికి పంపించాను, మా ఆవిడకు కూర్చోబెట్టి చదివి వినిపించాను. సిలబస్ తెప్పించుకుని చూశాం. మార్కుల్లో ఎక్కువ భాగం క్షేత్ర నివేదికకూ తుది వ్యాసానికీ ఉంది, హాజరుకు ఉన్నది నామమాత్రమే. ప్రొఫెసర్‌కు అమ్మాయి రాసిన ఈమెయిల్‌కు రెండో రోజే జవాబు వచ్చింది. ఖతార్ కార్మిక చట్టాల మార్పులను బోస్మన్ తీర్పుతో పోల్చి రాయడానికి అభ్యంతరం లేదని, ముందుగా ఇంటర్వ్యూలకు కాలేజీ నైతిక కమిటీ అనుమతి తీసుకోవాలని చెప్పారట. జగిత్యాల - దోహా గారూ, మీకు సమ్మతమైతే అమ్మాయి డిసెంబరు సెలవుల్లో వచ్చినప్పుడు మీతోనూ, మీ మిత్రులతోనూ మాట్లాడుతుంది. పేర్లు ఎక్కడా రాయదు. మా ఆవిడ మాత్రం ఒక షరతు పెట్టింది. లార్డ్స్ టికెట్ ధర కోర్సు ఫీజులో లేదు కనుక, అది అమ్మాయి లైబ్రరీ ఉద్యోగంలో సంపాదించిన డబ్బులోంచే పెట్టుకోవాలట.

జగిత్యాల - దోహా రాశారు:

తప్పకుండా రమ్మనండి. డిసెంబరులో మా ఊరివాళ్లు సెలవు మీద నలుగురైదుగురు వస్తారు, అందులో స్టేడియం పనిలోనే ఉన్నవారూ ఉన్నారు. చెల్లెకు కంపెనీ కాంట్రాక్టు కాగితాలు, జీతం స్లిప్పులు కూడా చూపిస్తాం. పేరు, నంబరు మడిచిపెట్టి జిరాక్స్ తీసుకోవచ్చు.

సాగరతీరం రాశారు:

అంకుల్ గారూ, ఇంకొక్క మాట. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు, వేసవి దగ్గరపడేకొద్దీ అపాయింట్‌మెంట్లు దొరకవు. అమ్మాయి పాస్‌పోర్టు లండన్ వీసా కోసం ఒక దఫా, స్పెయిన్ వీసా కోసం మరో దఫా చేతిలో లేకుండా పోవచ్చు. డిసెంబరులో ఇండియా రాకపోకలు పెట్టుకున్నారు కనుక ఆ తేదీలు పక్కన రాసుకుని, జనవరిలో టెక్సాస్ చేరగానే ముందు బ్రిటన్ వీసా పని మొదలుపెట్టమనండి.